ముఖం ఆఖరున

మూడో అంతస్తు పెద్దమ్మగారు కూరగాయల బండి దగ్గర అన్న మాట ఇది. ఆవిడ అంటుండగా కత్తెరాయన భార్య వినలేదు. విన్నది కుట్టుమిషను ఆవిడ. ఆ మనిషి ఏ మాటనీ విన్నది విన్నట్టు చెప్పదు, నాలుగు గుండీలు అదనంగా కుట్టి గానీ చేతికివ్వదు. గుండీలన్నీ ఊడదీయగా మిగిలింది ఇదీ:

"సినిమావాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకి చెయ్యి ఎంతెత్తితే చొక్కా ఎంత లేస్తుందో తెలియదుటమ్మా?"

ఈ ముక్కను కత్తెరాయన భార్య పొద్దున్నే మొగుడి పళ్లెం పక్కన ఉప్పు పెట్టినట్టు పెట్టింది. "నేనన్నది కాదు. జనం అంటున్నది. వినాల్సినవాళ్లు వింటారని చెప్పాను" అని లోపలికి వెళ్లిపోయింది.

మీరు పోయిన భాగం చదివి వారం గడిచింది కాబట్టి కథ ఎక్కడుందో ఒకసారి తడిమి చూసుకుందాం. కత్తెరాయన సినిమాలకు ఎడిటరు. చేతిలో కత్తెర పోయి కంప్యూటరు వచ్చి చాలా ఏళ్లయినా పేరు మాత్రం అంటుకుపోయింది. ఆయన ఒక్కగానొక్క కూతురు బడిలో పదో తరగతికి లెక్కలు చెబుతుంది. ఆమె బోర్డు మీద రాస్తుండగా తరగతిలో ఒకడు వెనకనుంచి ఫోన్లో తీశాడు. తీసినదాన్ని ముక్కలు కోసి, పన్నెండేళ్ల కిందట వీధి వీధినా మోగిన పాట ఒకటి తగిలించి, జనం మీదికి వదిలాడు. పదిహేడు సెకన్లు. రెండు రోజుల్లో చూడనివాడు పాపాత్ముడన్నంతగా పాకింది. ఆ పాటను అప్పట్లో కోసి కూర్చింది కత్తెరాయనే.

ఇంకొక్క సంగతి. కత్తెరాయన దాన్ని మొదట చూసింది ఇంట్లో కాదు, పనిచేసే చోట. పక్క గది సౌండు ఇంజనీరు, "గురువుగారూ, మీ పాటకి ఎవడో కొత్త కట్ వేశాడు" అంటూ ఫోను కళ్ల ముందు పెట్టాడు. మడమలు. జుట్టు ముడి. మెడ. చెయ్యి పైకి లేస్తే చొక్కా అంచు కింద రెండు వేళ్ల వెడల్పు నడుము. పన్నెండు సెకన్లు అదే తంతు. కత్తెరాయన తల ఊపాడు. "చెయ్యి తిరిగినవాడే" అన్నాడు. "నడుము మీద ఇంకో అరక్షణం ఆగాల్సింది" అని కూడా అన్నాడు. పదమూడో సెకనులో ఆ మనిషి ఇటు తిరిగింది.

ఆయన్ని పోయినవారం మనం అక్కడ వదిలేశాం, చేతిలో ఫోనుతో. ఆయన నోటినుంచి జారిన ఆ రెండు మాటలూ ఇంట్లో ఎవరికీ తెలియవు. సౌండు ఇంజనీరుకి తెలుసు. మనకి తెలుసు.

*

బడి వదిలాక నాలుగింటికి పెద్ద మేడం గదిలో పంచాయితీ. తేల్చవలసింది ఒకటే: లెక్కల టీచరు పదో తరగతిలో ఉండాలా, రెండో తరగతి పసిపిల్లలకి ఎక్కాలు చెప్పుకోవాలా. వీడియో తీసినవాడి సంగతి ఆ తర్వాతట.

"పెద్ద పరీక్షలు పదకొండు వారాల్లో ఉన్నాయి నాన్నా," అంది కూతురు చెప్పులేసుకుంటూ. "ఎనిమిదిలో నా చేతికొచ్చారు. భిన్నాలు రానివాళ్లని చెయ్యిపట్టి ఇందాకా లాక్కొచ్చాను. ఇప్పుడు వదిలెయ్యమంటారు."

"ఎవడు వదలమనేది? నేనొస్తున్నాగా. నువ్వు నోరెత్తకు, నేను మాట్లాడతాను."

"నువ్వా?"

"తండ్రిని కదే!"

కూతురు ఆయన వంక ఒక క్షణం ఎక్కువ చూసి, "సరే పద" అంది.

మూడు రోజులుగా ఆమె బోర్డు పై సగం ముట్టలేదు. వీడియో సంగతి తెలిసిన మర్నాడు తరగతికి వెళ్లి, చాకుపీసు పట్టుకుని, చెయ్యెత్తబోయి, ఆగిందట. ఆ తర్వాత నుంచి కింది సగంలోనే, కొంచెం మోకాళ్లు వంచి, పక్కకి తిరిగి రాస్తోంది. ఆఖరి బెంచీలవాళ్లు లేచి నిలబడితే గానీ కనపడదు. నిలబడే రాసుకుంటున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. పైనున్న నల్లటి ఖాళీని చూసి అందరికీ అర్థమవుతూనే ఉంది. ఇది కూతురు ఇంట్లో చెప్పలేదు. బడికి వెళ్లాక తెరిచున్న తలుపులోంచి బోర్డు చూసి కత్తెరాయనే గ్రహించాడు. కింద కిక్కిరిసిన అంకెలు, పైన శూన్యం. ఏ ముక్క ఉంచాలో, ఏ ముక్క తీసెయ్యాలో ముప్పై ఏళ్లు తేల్చిన మనిషి. తీసేసిన ముక్క ఇలా ఉంటుందని ఆయనకి తెలియదు.

పెద్ద మేడం చెడ్డ మనిషి కాదు. యాజమాన్యం అంటే భయం ఉన్న మంచి మనిషి. అలాంటివాళ్లతో గొడవ పెట్టుకోవడం తడి గోడకి మేకు కొట్టినట్టు, దిగుతుంది గానీ నిలవదు. ఆవిడ బల్ల మీద అద్దం, అద్దం కింద ఏ గంటకి ఏ పాఠమో గళ్లు గీసిన కాగితం. కత్తెరాయన కూర్చున్న వైపు నుంచి 'లెక్కలు' అన్న మాట తలకిందులుగా ఎనిమిది గళ్లలో కనబడింది.

ఆయా టీ తెచ్చింది. నలభై దాటిన మనిషి. కుడి మోకాలు చెడింది కనక బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడుతుంది. పిల్లలు కొంగ అని పేరు పెట్టారు. కానీ వీపు మాత్రం నిట్రాట వేసినట్టు నిటారుగా ఉంటుంది. ఏదో పాత పనిలో కాలు పోగొట్టుకుని ఇక్కడ చేరిందని అంటారు. ఏ పని అని అడిగినవాళ్లు లేరు. కత్తెరాయన ముందు గ్లాసు పెట్టి ఆమె కాసేపు అక్కడే నిలబడింది. ఆయన తల ఎత్తకుండానే గ్లాసందుకున్నాడు, జేబులో కాగితం మీద రాసుకున్న మాటలు మనసులో ఇంకోసారి వల్లె వేసుకుంటూ.

అప్పుడు మందుల షాపాయన, వీడియో తీసిన తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుకు తల దించుకునే వచ్చాడు, నేరం చేసినవాడు రావలసినట్టే. కూర్చోబోతూ ఒక్కసారి తల ఎత్తాడు. కత్తెరాయన్ని చూశాడు. వాడి ముఖం చేటంత అయింది.

"సార్! మీరా సార్!"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు.

"సార్, మీ ఉపన్యాసం ఫోన్లో నాలుగుసార్లు చూశాను సార్. నోట్సు కూడా రాసుకున్నా. సార్… నా కట్ చూశారా సార్?"

"ఒరేయ్," అంది పెద్ద మేడం, "ఆయన మీ టీచరుగారి నాన్నగారురా."

చేటంత ముఖం చిల్లి పడిన బెలూనులా జారిపోయింది. వాడు టీచరు వైపు చూశాడు, కత్తెరాయన వైపు చూశాడు, తర్వాత నేల చూశాడు. కానీ మందుల షాపాయన తెలివైనవాడు. ఏ అరలో ఏ సీసా ఉందో చీకట్లో తడిమి తీయగలడు. కొడుకు నోట్లోంచి మాట ఎటు జారిందో చూసి చటుక్కున పట్టుకున్నాడు.

"ఏ ఉపన్యాసంరా? ఏదీ, చూపించు."

"ఇప్పుడెందుకు నాన్నా…"

"చూపించమన్నానా!"

బల్ల మీద, గళ్ల కాగితం పైన, ఫోను పెట్టారు. మొదట అదే పాట బిట్టు నాలుగు క్షణాలు మోగింది. ఆయా చేతిలో పళ్లెం మీద మిగిలిన టీ గ్లాసులు చిన్నగా గలగలలాడాయి. తర్వాత కత్తెరాయన గొంతు వచ్చింది. హుషారైన గొంతు. ఎదురుగా నిండు హాలు ఉన్నప్పుడు వచ్చే గొంతు.

"మొహం ఆఖరున! నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ నేను చెప్పేది ఇదొక్కటే. మా నాన్న పశువుల బేరగాడు. సంతలో ముందు కాళ్లు చూసేవాడు, తర్వాత పొదుగు చూసేవాడు, నడుం మీద చరిచి చూసేవాడు. మొహం చూసేవాడు కాదు. మొహం చూశావో, బేరం పోయిందిరా అనేవాడు. మనకీ అంతే. హీరోయిన్ మొహం ముందే చూపించారనుకోండి, ఆవిడెవరో తెలిసిపోతుంది. తెలిసిన మనిషిని చూడబుద్ధి కాదు, పలకరించబుద్ధవుతుంది!"

హాల్లో నవ్వులు. చప్పట్లు. ఎవరో ఈల వేశారు.

ఫోను ఆగింది. తేలు కుట్టిన దొంగ అరవలేడు, ఊరుకోలేడు. కత్తెరాయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. తండ్రి జ్ఞాపకం వచ్చాడు. ఆ ముసలాయన సంత నుంచి తిరిగి వచ్చే దారిలో, అమ్మిన గొడ్డు పేరు తలచుకుని, ఎవరూ చూడకుండా తువ్వాలుతో కళ్లు తుడుచుకునేవాడు. ఉపన్యాసంలో ఆ ముక్క చెప్పలేదు. అది కూడా కోసేశాడు.

"మేడం," అన్నాడు మందుల షాపాయన చాలా మర్యాదగా, "మా వాడిది తప్పే. వారం పంపించేస్తారా, నెల పంపించేస్తారా, మీ ఇష్టం. కానీ పాఠం చెప్పిన గురువుగారిని ఎక్కడికి పంపిస్తారు?"

కూతురు ఇప్పుడు కుర్చీ తిప్పుకుంది. తండ్రి వైపు కాదు, పిల్లవాడి వైపు.

"ఒరేయ్, నీకు నేనెవరో తెలియదా?"

"తెలుసు టీచర్."

"పోయినేడాది నీకు జ్వరమొచ్చి ఇరవై రోజులు రాకపోతే, బడి అయ్యాక కూర్చోబెట్టి బీజగణితం ఎవర్రా చెప్పింది?"

"మీరే టీచర్."

"మరి?"

వాడు గోళ్లు గిల్లుకున్నాడు. "కట్ చేసేటప్పుడు మీరు కాదు టీచర్. ముక్కలు. కాళ్లు ఒక ముక్క, చెయ్యి ఒక ముక్క… ఆఖర్ని మొహం పెట్టేటప్పుడు కొంచెం అదోలా అనిపించింది. కానీ అప్పటికి అయిపోయింది టీచర్."

వాడు అబద్ధం చెప్పలేదని గదిలో అందరికీ తెలిసింది. అదే కష్టమనిపించింది.

పెద్ద మేడం గొంతు సవరించుకుంది. ఇలాంటి చోట సర్దిచెప్పడం ఆవిడ వృత్తి. "చూడమ్మా, మధ్యేమార్గం ఒకటి చెబుతాను. పదో తరగతి నీ దగ్గరే ఉంచుకో. కాకపోతే పైన ఒక పొడుగు కోటు వేసుకుని రా. ఇప్పుడెలాగూ కింది సగంలోనే రాస్తున్నావట, అలాగే కానిద్దాం. రెండూ కాదంటే ఇక రెండో తరగతే. నా చేతిలో లేదు."

"బోర్డు ఆరడుగులు మేడం. నేను అయిదడుగులు. చెయ్యెత్తకుండా లెక్క మొదలెట్టలేను. మూడు రోజులు చూశాను. సిద్ధాంతం పైన మొదలైతేనే ముగింపు కిందికి వస్తుంది. సగంలో మొదలెడితే, ఆఖరి నాలుగు వరుసలకీ చోటు చాలక చెరిపి రాస్తున్నాను. చెరిపేసిన మెట్టు మళ్లీ అడుగుతున్నారు పిల్లలు. నాకు పై సగం కూడా కావాలి."

"మా అమ్మాయి చెయ్యి దించక్కర్లేదు మేడం!" అన్నాడు కత్తెరాయన. జేబులో కాగితం మీద మొదటి వాక్యం అదే. ఎంతో బాగుంటుందనుకున్నాడు.

"నువ్వాగు నాన్నా," అంది కూతురు. ఇప్పుడు తిరిగింది ఆయన వైపు. "ఇది నీ పద్ధతని నీకు చూడగానే తెలిసిందా?"

కత్తెరాయన జేబులో కాగితం తడిమి చూసుకున్నాడు.

"తెలిసే ఉంటుంది. ఎవరి కుట్టు ఎవరిదో కుట్టేవాళ్లకి తెలియదా? తెలిసీ మూడు రోజులు నాతోపాటు కూర్చుని వీణ్ణి తిట్టావు. పోలీసులంటావు, కాళ్లు విరగ్గొడతానంటావు. ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు… ఇటు తిరిగాక."

"అంతకు ముందు?"

అబద్ధం ఆయనకి అందుబాటులోనే ఉంది. ఏమీ అనుకోలేదమ్మా అంటే సరిపోయేది. సౌండు ఇంజనీరు వచ్చి సాక్ష్యం చెప్పడు. కానీ కూతురు ఎదురుగా కూర్చుని ఆయన ముఖమే చూస్తోంది, చూపు తిప్పుకోకుండా, సంత పద్ధతికి పూర్తిగా ఎదురు పద్ధతిలో. అలా చూస్తుంటే బేరం సాగదు.

"బావుందన్నాను," అన్నాడు.

"ఏంటి?"

"చెయ్యి తిరిగినవాడే అన్నాను. నడుము మీద ఇంకో అరక్షణం ఆగాల్సింది అన్నాను. నువ్వని తెలియదమ్మా. మొహం రాలేదు కదా. నువ్వని తెలిస్తే…"

అక్కడ ఆపేశాడు. నువ్వని తెలిస్తే, అన్న మాట తర్వాత ఏం చెప్పినా అది ఆమె చోట ఇంకెవరి కూతురినో నిలబెట్టడమే అవుతుందని, చెబుతుంటేనే ఆయనకి తెలిసిపోయింది.

అదే క్షణంలో ఇంకొకటి జరిగింది. బావుందన్న మాట వినగానే పిల్లవాడి ముఖం వెలిగింది. వాడు కావాలని వెలిగించుకోలేదు, వెంటనే ఆర్పేసుకున్నాడు కూడా. కానీ కత్తెరాయన చూశాడు. ఆ వెలుగు చూడడం కన్నా ఎవరైనా నాలుగు తగిలించినా ఓర్చుకునేవాడు. టీ చల్లారి పైన మీగడ కట్టింది. గ్లాసు కింద పెడదామంటే ఎక్కడ చూసినా 'లెక్కలు' అన్న గళ్లే.

పెద్ద మేడం గోడ గడియారం వైపు చూసింది. మందుల షాపాయన కూడా, గెలిచినవాడు నవ్వవలసిన చోట నవ్వు రాక, కొడుకు కాలరు ఊరికే సరిచేశాడు.

మనిషి సిగ్గుపడ్డాక ఊరుకుంటే బాగుండును. ఊరుకోలేడు. మునిగేవాడు గడ్డిపోచని పట్టుకున్నట్టు ఒక సమర్థింపు పట్టుకుంటాడు. కత్తెరాయనా పట్టుకున్నాడు.

"నా మాట విను అమ్మా. ఆ పాట వేరు, ఇది వేరు. ఆ పాటలో ఉన్నావిడ హీరోయిన్. ఒప్పుకుని చేసింది, తెలిసి చేసింది. నిన్నెవడు అడిగాడు? నీకూ ఆవిడకీ పోలికేంటి?"

"ఆ నడుము ఆవిడదేనా?"

కత్తెరాయన చేతిలో గ్లాసు ఒకసారి తిప్పాడు.

"నేనప్పుడు తొమ్మిదిలో ఉన్నాను నాన్నా. అన్నం దగ్గర కూర్చుని అమ్మకి నువ్వే చెప్పావు, హీరోయిన్ నడుము డైరెక్టరుకి నచ్చలేదని. మీరిద్దరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో అడిగితే, తిను తిను అన్నావు. ఆ రాత్రి స్నానాల గదిలో అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. నాది నచ్చుతుందా లేదా అని."

ఇది ఆయనకి కొత్త. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్న సంగతి, ఆయనకి మాత్రం కొత్త.

"ఎవరిది మరి?"

"గ్రూపు డాన్సర్లలో ఒకమ్మాయిది," అన్నాడు చివరికి. "ఒక్క పూట పని. నిలబెట్టి తీశారు."

"ఆమె మొహం?"

"తీశారు. రెండు షాట్లలో పడింది. నేనే కోసేశాను. మొహం పడితే హీరోయిన్ కాదని తెలిసిపోతుంది కదా."

"ఆమె పేరు?"

"ఏమో."

"తెరమీద పేర్లలో వెయ్యలేదా?"

"నడుముకి పేరేం వేస్తారమ్మా…" అని, తన మాట తనకే వినిపించి ఆగాడు. తర్వాత, ఎవరూ అడక్కపోయినా, నేల వంక చూస్తూ చెప్పుకున్నాడు. "మూడు వారాలు ఆ ముక్కలతో కూర్చున్నాను. ఎన్ని ఫ్రేములో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. కుడి పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంటే రంగు వేయించి తీయించేశాను. అంత చూశాను. ఇవాళ ఆ మనిషి దారిలో ఎదురుపడితే గుర్తుపట్టను."

తలుపు దగ్గర గ్లాసుల చప్పుడు ఆగింది. ఆయా పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది, ఎడమ కాలి మీద బరువు వేసి, వీపు నిటారుగా. ఖాళీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చింది. కత్తెరాయన గ్లాసొక్కటే నిండుగా ఉంది. ఆమె నెమ్మదిగా వచ్చి, చల్లారిన టీ ఆయన చేతిలోంచి తీసి పళ్లెంలో పెట్టుకుంది.

"గుర్తుపట్టలేదులెండి," అంది. "ఇందాక టీ ఇచ్చి మీ మొహం చూస్తూనే నిలబడ్డాను. ఆ సినిమాకి మూడుసార్లు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లానయ్యా, ఎక్కడో ఒక్క చోటన్నా నా మొహం ఉంచి ఉంటారని."